ఎడమవైపు జేబు

జూలై 9, ఆదివారం

ఇది మా రైల్వే యూనియన్ వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ. ఇన్నాళ్ళూ గ్యాసు బండ ఎప్పుడొచ్చిందో రాసుకోవడానికి తప్ప పనికి రాలేదు. ఇవాళ్టి నుంచి నా గోడు రాసుకుంటాను. ఇంట్లో చెప్పుకోవడానికి మనిషి లేక కాదు. ఉన్న మనిషి గురువారం నుంచి నాతో మాట్లాడటం లేదు.

మా ఆవిడ ఉమ మాట్లాడలేక కాదు. ఏప్రిల్‌లో పక్షవాతం వచ్చినప్పుడు మూతి కాస్త వంకర పోయింది గానీ నెల తిరక్కుండానే సర్దుకుంది. ఎడమచెయ్యే తిరిగి రాలేదు. భుజం బిగుసుకుపోయింది, ముంజేయి వేలాడుతుంది. ఎడమకాలు ఈడుస్తుంది, అయినా కర్ర ఉంటే నడుస్తుంది. ఆరు నెలల్లో ఎంత నడిపిస్తే అంత, ఆ తర్వాత వచ్చేది తక్కువ అని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. అంటే అక్టోబరు. రోజూ ఫిజియోథెరపీ సెంటర్‌కి తీసుకెళ్ళి కసరత్తు చేయించాలి. ఈవిడేమో గురువారం నుంచి సెంటర్‌కి రానంటోంది.

గురువారం అక్కడ జరిగింది మాత్రం రాయను.

జూలై 11

రాలేదు.

జూలై 12

ఇవాళా రాలేదు. కోడలు ప్రీతి స్కూలుకి వెళ్ళేముందు చీర కడతానంటే "వొద్దమ్మా, నీకు టైమైపోతాది, నువ్వెళ్ళు" అంది. నైటీలోనే ఉంది. అది కూడా తల మీంచి తొడుగుతున్నంతసేపూ పళ్ళు బిగబట్టుకుంటుంది. భుజం లేవదు కదా.

"నైటీ మీద తువ్వాలేసుకుని పద, ఆటో గుమ్మంలోకే వస్తుంది" అన్నాను.

"నేనేటి పాలపాకెట్టుకెళ్తున్నానా?" అంది.

వారం తర్వాత నాతో అన్న మొదటి మాట ఇది.

జూలై 16, ఆదివారం

పొద్దస్తమానం ఫోన్‌లో ఏం చూస్తోందో ఇవాళ తెలిసింది. మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు దిండు పక్కన ఇంకా వెలుగుతోంది. సీరియల్ కాదు, ప్రవచనం కాదు. అమెరికా ముసలమ్మలు! వరసగా పాత ఫోటోలు, అన్నీ నలుపూ తెలుపూ, కింద సంవత్సరాలు వేసి ఉన్నాయి. 1934, 1941, 1957. పెళ్ళికో పండక్కో దిగినవి కావు. ఒకావిడ బట్టలారేసే తాడు పక్కన, ఒకావిడ కారుకి ఆనుకుని, ఇంకొకావిడ మెట్ల మీద కూర్చుని బఠానీలు ఒలుస్తూ. అందరివీ మోకాళ్ళు దిగిన గౌన్లు, మెడ నుంచి కిందిదాకా గుండీలు, నడుముకి అదే గుడ్డతో బెల్టు, గుడ్డ నిండా చిన్న చిన్న పువ్వులు. ఇంట్లో ఉన్నవాళ్ళకి పైన ఏప్రాను. బయటికి బయల్దేరినవాళ్ళకి నెత్తిన టోపీ, చేతులకి తొడుగులు, మోచేతికి బ్యాగు, కాళ్ళకి మా డ్యూటీ బూట్లలాంటి లేసుల బూట్లు. ఒక్కరూ సన్నగా లేరు. ఒక్కరూ నవ్వడం లేదు.

మా ఇంటి పక్షవాతానికీ వీళ్ళకీ సంబంధమేమిటో బోధపడలేదు. ప్రీతిని అడిగితే "నేనే చూపించాను మావయ్యా, టైంపాస్‌కి. అత్తయ్యకి బాగా నచ్చీసింది" అంది.

జూలై 19

వాళ్ళకి పేర్లు కూడా పెట్టింది. టోపీ ఆవిడ అప్పలనరసమ్మ. బఠానీల ఆవిడ పైడితల్లి. ఇంకొకావిడ ఉంది, ముదురు గుడ్డ మీద తెల్లపువ్వుల గౌను, ఇంటి గేటు దగ్గర నిలబడి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, మనమేదో అప్పుకొచ్చినట్టు కెమెరా వైపు చూస్తుంది. ఆవిడకి మాత్రం పేరు పెట్టలేదట. రోజూ ఆ ఫోటో దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది.

సెంటర్‌కి రాలేదు.

జూలై 23, ఆదివారం

"ఏవండీ, ఓసారిలా రండి" అని పిలిచింది. ఇన్నాళ్ళకి పిలిచింది కదా అని కాఫీ కింద పెట్టి మరీ వెళ్ళాను. ఫోన్ నా ముక్కు ముందు పెట్టి "ఇది మీరు కుట్టగలరా?" అంది. ఆ గేటు దగ్గర ఆవిడ గౌను.

ఉద్యోగమంతా దుర్గ్‌లో, రైలుపెట్టెలు బాగుచేసే కోచింగ్ డిపోలో బెర్తులకి రెక్సిన్ కుట్టినవాణ్ణి. మూడు పొరల రెక్సిన్ మీద నా కుట్టు వంకర పోయిందని ఒక్క ఇన్‌స్పెక్టరు కూడా రాయలేదు. ఒక గౌను కుట్టలేనా? కానీ అది కాదు ప్రశ్న.

"ఇది తల మీంచి తొడగక్కర్లేదు" అంది. "ముందర కోటులాగ తెరుచుకుంటాది. ఎడమచెయ్యి ముందు దూర్చీసి, కుడిచెయ్యి తర్వాత. గుండీలు నేనే పెట్టుకుంటాను. ఎవరూ నన్ను ముట్టుకోనక్కర్లేదు. నా బట్ట నేను కట్టుకున్న రోజు సెంటర్‌కి వస్తాను. అప్పటిదాకా రాను."

"గుడ్డ?"

మంచం కింద ట్రంకుపెట్టె చూపించింది. దాన్నిండా పేరంటాల్లో పెట్టిన రవికగుడ్డలు. మా పెళ్ళయి రాయ్‌పూర్ వచ్చిన దగ్గర్నుంచీ వచ్చినవి, ఒకరు పెట్టినవి ఇంకొకరికి పెట్టగా మిగిలినవి. ఆ మెట్ల మీది పైడితల్లి కట్టుకున్నది పిండిబస్తా గుడ్డట. ఆ కాలంలో అక్కడ పిండి పువ్వుల గుడ్డ సంచుల్లో వచ్చేదని, ఆడవాళ్ళు ఆ సంచులు దాచుకుని నాలుగు కలిపి గౌను కుట్టుకునేవాళ్ళని ప్రీతి చదివి చెప్పిందట.

"మనకి పిండిబస్తాలు లేవు, పేరంటాలున్నాయి" అంది ఉమ. అప్పటికే నూలువి ఏరి ఒక పక్క పెట్టించుకుంది. ముందుభాగానికి నీలం మీద తెల్లపువ్వులది.

అరవై దాటిన ఆంధ్రా ఆడది మా మోవా కాలనీ వీధుల్లో గౌనేసుకుని నడిస్తే మన సమాజం వాళ్ళు ఏమంటారు? తోడబుట్టిన మా అప్ప తాయారమ్మ నన్ను బతకనిస్తుందా? "ఇక్కడందరూ వేసుకుంటారు కదా, సల్వార్ కమీజు వేసుకో" అన్నాను.

"కమీజు తల మీంచే దిగాల. సల్వారు బొందు ఒంటిచేత్తో మీరు ముడెయ్యండి, చూద్దాం."

అయినా కుట్టనని చెప్పేశాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఆవిడ. నేను అలాంటివాణ్ణి కాదు.

ఆగస్టు 4

సెంటర్ నుంచి, కసరత్తు చేయించే సాహూ మేడమ్ ఫోన్. "అంకుల్‌జీ, ఆంటీ కో లాయియే నా. టైమ్ నికల్ రహా హై." టైం దాటిపోతోందట, ఆంటీని తీసుకురమ్మంటోంది. రేపు తెస్తానన్నాను.

ఆగస్టు 5

తేలేదు.

ఆగస్టు 13, ఆదివారం

మంచం నుంచి బాత్రూమ్‌కి వెళ్ళడానికి జూన్‌లో పట్టినదానికంటే ఇప్పుడు ఎక్కువసేపు పడుతోంది. వానాకాలం, ఎవరికైనా కీళ్ళు బిగుస్తాయి. ఎడమపాదం ముందుకి వాలి నేలకి రాసుకుంటోంది. అదీ వానల వల్లే అయుండాలి.

అబ్బాయి గిరిధర్ ధర్సీవా ఫ్యాక్టరీ నుంచి షిఫ్టు దిగి వచ్చి, "నాన్నా, అమ్మ వెనక్కెళ్ళిపోతోంది" అన్నాడు. ఆ మాట అనడానికి వాడికి నోరెలా వచ్చిందో.

ఆగస్టు 23, బుధవారం

అప్ప ఫోన్ చేసింది. ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం, కాలనీలో ఆంధ్రావాళ్ళందరినీ పేరంటానికి పిలిచిందట. "రవికగుడ్డలు తక్కువొచ్చీసాయిరా భీముడూ. మీ ఇంట్లో పెట్టెడున్నాయి కదా, నీ పెళ్ళానికి ఇప్పుడెలాగూ పేరంటాల్లేవు. అంపీ."

ప్రీతి ఉమకి స్నానం చేయిస్తుండగా పెట్టె లాగి ఉన్నవన్నీ సంచీలో కుక్కి పట్టుకెళ్ళి ఇచ్చేశాను. ఏరిపెట్టుకున్నవి కూడా. అమ్మవారి వ్రతానికే కదా, పాపం కాదు. ఒకరు పెట్టింది ఇంకొకరికి పెట్టడం మన ఇళ్ళలో ఎప్పుడూ ఉన్నదే. పెట్టె ఖాళీ అయితే గౌను గొడవా పోతుంది, కాకపోతే అది రెండో సంగతి. మొదటిది వ్రతమే.

ఆగస్టు 25, శుక్రవారం

ప్రీతి పేరంటానికి వెళ్ళొచ్చింది. అత్తగారు రాలేదు కదా అని అప్ప ఆవిడ తాంబూలం కూడా ఇచ్చి పంపింది. తమలపాకులు, అరటిపళ్ళు, సెనగలు, రవికగుడ్డ. ఉమ కుడిచేత్తో బొట్టు పెట్టించుకుని గుడ్డ ఒళ్ళో విప్పుకుంది.

ఎర్రగుడ్డ మీద పసుపు చుక్కలు. అంచున సిరామరక. గిరిధర్ చిన్నప్పుడు వాడే పోశాడు ఆ సిరా.

చాలాసేపు మరక మీద వేలు పెట్టి చూసింది. తర్వాత "పెట్టె లాగండి" అంది.

లాగాను. అడుగున పరిచిన హిందీ పేపరు తప్ప ఏమీ లేదు.

అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ అరుద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ మాత్రం గుడ్డ మడిచి దిండు కింద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. నేనైతే మొగుణ్ణే కదా.

ఆగస్టు 27, ఆదివారం

గిరిధర్, ప్రీతి మేడ మీద బట్టలు ఆరేస్తున్నారు. నేను కూరలకి వెళ్ళాను. వచ్చేసరికి ఉమ నేల మీద ఉంది. చీర సగం నడుముకి, సగం కాళ్ళకి చుట్టుకుని. ఒంటిచేత్తో కుచ్చిళ్ళు పెట్టబోయింది. నుదురు మంచం కోడుకి కొట్టుకుని నెత్తురు. ఎంతసేపట్నుంచి పడుందో, ఎవరినీ పిలవలేదు.

వంగి లేపబోయాను.

"మీరు ముట్టుకోకండి. ప్రీతిని పిలవండి."

ఆగస్టు 28

ఎముక విరగలేదు. తుంటి దగ్గర వాచింది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇప్పుడు నడిపించకపోతే ఇక మంచమే అన్నాడు. బయట బెంచీ మీద కూర్చున్నాను. మందుల చీటీ ఎక్కడో పారేసుకున్నాను, మళ్ళీ వెళ్ళి రాయించుకున్నాను.

ఆగస్టు 30

అప్ప దగ్గరికి వెళ్ళాను. ఆ గుడ్డలు వెనక్కి కావాలన్నాను.

"ఏటీ?"

"రవికగుడ్డలప్పా. ఎవరెవరికి పెట్టావో చెప్పు, నేనెళ్ళి అడుగుతాను."

అప్ప నన్ను ఎగాదిగా చూసింది. "బొట్టెట్టి పెట్టిన తాంబూలం మళ్ళీ అడుగుతావేట్రా? మన వంశంలో ఎవుడైనా చేసేడేటి అలాటి పని? అదీ మగోడు! ఎందుకేటి?"

గౌనుకని చెప్పాను. అప్ప లేచి లోపలికెళ్ళిపోయింది. ఎవరెవరొచ్చారో చెప్పలేదు. నీలం గుడ్డ ఎవరికెళ్ళిందో గుర్తులేదని లోపల్నుంచే అంది.

నలుగురూ ఏమనుకుంటారో అని కదా కుట్టనన్నాను. ఇప్పుడు ఆ నలుగురి గుమ్మాలూ నేనే ఎక్కాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

సెప్టెంబరు 1

ఇవాళ ఐదిళ్ళు. ప్రీతికి గుర్తున్నవాళ్ళ పేర్లు చెప్పింది. మొదటింట్లో గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతుంటే కుక్క మొరిగింది, ఆవిడే బయటికొచ్చి చందా కోసమా అంది. రెండో ఇంట్లో విషయం చెప్పగానే ఆడవాళ్ళు లోపలికెళ్ళి కిసుక్కున నవ్వడం వినిపించింది, గుడ్డ మటుకు ఇచ్చారు. మూడో ఇంటివాళ్ళు అప్పుడే ఇంకెవరికో పెట్టేశారు, ఆ ఇంటికీ వెళ్ళాను. ఆఖరింట్లో రామమూర్తి ఉన్నాడు. గార్డుగా రిటైరయ్యాడు, నాతోపాటు పాసింజర్‌లో దుర్గ్ వచ్చేవాడు. భార్య గుడ్డ తెచ్చేలోపు నన్ను కూర్చోబెట్టి "గౌనేమిటయ్యా భీమారావ్, ఫ్యాషన్ షోనా?" అన్నాడు. టీ తాగకుండా వచ్చేశాను.

సెప్టెంబరు 3, ఆదివారం

పసుపు చారలది, ఆకుపచ్చది దొరికాయి. నీలంది లేదు.

ఉమ గోడవైపే. కసరత్తు లేదు. ఫోన్ కూడా చూడటం లేదు, అది ఇంకా భయంగా ఉంది.

సెప్టెంబరు 6, బుధవారం

గులాబీరంగు గుడ్డ అభన్‌పూర్ వెళ్ళిపోయిందట. రజని అని కొత్తగా పెళ్ళయిన అమ్మాయి, కాలనీలో చుట్టాలింటికి వచ్చి పేరంటానికి వెళ్ళింది. బస్సెక్కి వెళ్ళాను. దారంతా వానే.

"జాకెట్టు కత్తిరించీసాను బాబాయ్ గారూ" అంది పాపం. "ఎందుకేటి, ఏదైనా దోషమా గుడ్డకి?"

ఆ పిల్ల ముఖం చూసి, ఎవరికీ చెప్పనిది చెప్పాను. ఆ గురువారం సెంటర్‌లో ఉమని రెండు కడ్డీల మధ్య నడిపిస్తున్నారు. కుడిచేత్తో కడ్డీ పట్టుకుంది. మధ్యలో కుచ్చిళ్ళు ఊడాయి. కడ్డీ వదిలితే పడిపోతుంది, వదలకపోతే చీర జారిపోతుంది. వదల్లేదు. చీరంతా పాదాల మీద పడింది. హాలు నిండా జనం, మగవాళ్ళు, వాళ్ళ పిల్లలు. లంగాతో అలా నిలబడింది, తల మాత్రం దించలేదు. నేను పరిగెత్తుకెళ్ళి అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు పెట్టబోయాను. నాకెప్పుడొచ్చని? దోపాను, మళ్ళీ జారాయి. మళ్ళీ దోపాను. ఎవరో పిల్లాడు నవ్వాడు. "వొగ్గీండి, ఇక వదిలీండి" అంది ఉమ, నాకొక్కడికే వినబడేలా.

రజని లోపలికెళ్ళి కత్తిరించిన ముక్కలన్నీ కాగితంలో చుట్టి తెచ్చింది. "చేతులకీ వెనకభాగానికీ కోసీసాను. దేనికైనా పనికొస్తాయేమో చూడండి" అని, వెళ్ళేటప్పుడు గొడుగు కూడా ఇచ్చింది.

సెప్టెంబరు 7

కుట్టుమిషను కిందికి దింపాను. ఉమదే, ఏప్రిల్ నుంచి మూతపడి ఉంది. తెచ్చిన గుడ్డలన్నీ ఉమ మంచం మీద పరిచాను. ఆవిడ కాసేపటికి దిండు కింద నుంచి సిరామరక గుడ్డ తీసి వాటి మీద పడేసింది.

సెప్టెంబరు 10, ఆదివారం

రెక్సిన్ వేరు, నూలు వేరు. నా కాలు ఒక్క తొక్కు తొక్కితే గుడ్డ ముడుచుకుపోతోంది. ముందు పాత దుప్పటి మీద ఒకటి కుట్టాను, బెర్తు కవర్‌లా వచ్చింది. ప్రీతి చూసి నవ్వాపుకుంది. విప్పి మళ్ళీ కుట్టాను.

ఉమ ఫోన్ నా దగ్గరే పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ ముసలమ్మల్ని నేనూ కుట్టుపని కంటితో చూస్తున్నాను. టోపీ అప్పలనరసమ్మ గౌను నడుము దగ్గర రెండు మడతలు పెట్టారు, కూర్చుంటే బిగుసుకోదు. పైడితల్లి గౌనుకి చంకల కింద వేరే గుడ్డ అతుకు ఉంది, అది చిరిగాక వేసింది కాదు, చెయ్యి తిరగడానికి ముందే వేసింది. ఎవరు కుట్టారో గానీ ఆడవాళ్ళు వంగుతారని, మోస్తారని, లావెక్కుతారని తెలిసి కుట్టారు. ఉమ బిగుసుకున్న భుజానికి అదే అతుకు వేస్తున్నాను, ఇంకో రెండంగుళాలు ఎక్కువిచ్చి.

సెప్టెంబరు 14

ఉమ తలుపు దగ్గరికి కుర్చీ వేయించుకుని చూస్తోంది.

"కాజాలు అడ్డంగా కొయ్యండి. నిలువుగా కోస్తే గుండీ ఊడిపోతాది" అంది.

అడ్డంగా కోశాను.

సెప్టెంబరు 15

రజని ముక్కలతో జేబు కుట్టాను. కుడివైపు పెట్టి చూపించాను.

"ఎడమవైపు పెట్టండి."

"ఎడమచెయ్యి పనిచెయ్యదు కదే. జేబులోంచి ఏదైనా తియ్యాలంటే కుడివైపుండాలి."

"ఎడమవైపు."

వాదించి లాభం లేదు. విప్పి ఎడమవైపు కుట్టాను. మనిషి జబ్బులో పడితే మొండితనం పెరుగుతుందంటారు. ఈవిడకి జబ్బుకి ముందు నుంచీ ఉంది.

సెప్టెంబరు 18, వినాయకచవితి

సాహూ మేడమ్ తీజా పండక్కి పుట్టింటికెళ్ళింది, వచ్చే సోమవారం వస్తుందట. "సోమవారం ఆంటీ వస్తేనే నేను ఆమె పేరు ఉంచగలను, చాలామంది కాచుకుని ఉన్నారు" అని ముందే చెప్పింది. ఒకే వారముంది. గౌను అయినట్టే, ముందుపట్టీకి నీలం గుడ్డ లేదు. ప్రస్తుతానికి దుప్పటి ముక్క వేసి గుండీలు కుట్టాను.

సెప్టెంబరు 20, బుధవారం

ఇవాళ్టిది రాయకుండా ఉంటే బాగుండును.

ఒంటిచేత్తో గుండీలు పడతాయో లేదో తెలియాలి కదా. ఉమకిచ్చి, పట్టకపోతే? మళ్ళీ గోడవైపు తిరిగితే ఆవిణ్ణి ఇటు తిప్పడం నా వల్ల కాదు. అందుకని గది తలుపు దగ్గరికి వేసి, నా ఎడమచేతిని తువ్వాలుతో నడుముకి బిగించి కట్టుకుని, గౌను వేసుకున్నాను. కట్టిన చెయ్యి లోపలే ఉండిపోయింది, కుడిచెయ్యి దూరింది. మొదటి గుండీ పడింది. రెండోది పడింది. మూడోది పొట్ట దగ్గర, ఎంతకీ పట్టదు. చెమటలు కారిపోతున్నాయి. పళ్ళతో పట్టుకుందామంటే అందదు.

తలుపు తోసుకుని అప్ప.

"ఓలమ్మో! భీముడూ! నీకేటైపోనాదిరా!"

విప్పుకుందామంటే రెండో గుండీ ఇరుక్కుపోయింది. పారిపోదామంటే గుమ్మంలో అప్ప. అరవై ఏడేళ్ళవాణ్ణి, రవికగుడ్డల గౌనులో, ఒక చెయ్యి కట్టుకుని. సిగ్గుతో చచ్చిపోయాను. నోట్లోంచి మాత్రం "అప్పా, మూడోది పట్టడం లేదు" అని వచ్చింది.

అప్ప మంచం మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు, దగ్గొచ్చేదాకా అలాగే ఊగింది. కళ్ళు తుడుచుకుని దగ్గరికి పిలిచింది. మూడో కాజా వేలితో తడిమి, "బొక్క సిన్నదయిపోనాది. ఇంకో నూలంత పొడుగు కొయ్యి" అంది. కట్టిన తువ్వాలు ముడి చూసి నవ్వడం మానేసింది.

"రోజూ ఇంత కష్టమేట్రా దానికి?" అంది.

అవునన్నాను.

చేతిసంచీలోంచి నీలం గుడ్డ తీసి నా ఒళ్ళో పడేసింది. మడత కూడా విప్పలేదు. "గౌనుకైతే ఇవ్వకూడదనుకున్నాను, నేనే ఉంచీసుకున్నాను. ఇవాళ రామమూర్తి పెళ్ళాం వీధిలో ఆపి, మీ తమ్ముడు గుడ్డలడుక్కుంటన్నాడంట కదా అని నవ్వింది. దాని ముఖమ్మీదే అన్నాను, మా మరదలికి బట్టకి మీరేటి ఇస్తారు, మేమిస్తాం అనీసి." లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "కాళ్ళు అగుపడకూడదు. ఇంకో జానెడు దించు."

జానెడు దించాను.

సెప్టెంబరు 24, ఆదివారం

అయింది. ఇస్త్రీ చేసి తలుపు వెనక కొక్కేనికి తగిలించాను. ఉమ చూసింది, బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. "రేపు ఆటో ఎన్నింటికి?" అంది.

సెప్టెంబరు 25, సోమవారం

ప్రీతి స్కూలుకి సెలవు పెట్టింది. ఉమ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ వెయ్యొద్దని నేను అంటే "గడియ వేస్తాను" అని వేసింది.

నేను తలుపుకి ఇవతల స్టూలు మీద. లోపల్నుంచి మంచం కిర్రుమనడం వినపడింది. గుడ్డ చప్పుడు. తర్వాత కర్ర దబ్బున పడింది. లేచి నిలబడ్డాను. ప్రీతి నా చెయ్యి పట్టుకుని వద్దంది. "ఉమా" అన్నాను. ఆటోవాడు హారన్ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. పోయి వాణ్ణి తిట్టొచ్చాను. తలుపు బద్దలు కొడదామని కూడా అనుకున్నాను. లోపల ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చుకోవడం, వదలడం. నేల మీద కర్ర ఈడ్చిన శబ్దం.

గడియ తీసింది.

గుండీలన్నీ పెట్టుకుంది, మెడ దగ్గర్నుంచి. మూడోది కూడా. ముందు నీలం మీద తెల్లపువ్వులు, పక్కలు పసుపు చారలు, వెనక ఆకుపచ్చ, చంకలో సిరామరక గుడ్డ. నుదుట బొట్టు కాస్త పక్కకి పోయింది, అదీ తనే పెట్టుకుంది. కుడిచేతి కర్రని తలుపుకి ఆనించింది. ఆ చేత్తో ఎడమచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని ఎత్తి, పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేసినట్టు మెల్లగా జేబులో పెట్టింది. తర్వాత కర్ర తీసుకుంది.

నేను స్టూలు పక్కకి జరిపి దారిచ్చాను.

గేటు దాకా తనే నడిచింది. ఎదురింటి వర్మాజీ భార్య బాల్కనీలోంచి వంగి చూసింది. ఉమ గేటు పక్కన ఆగి, కర్ర నాకిచ్చేసి, గేటుకి భుజం ఆనించుకుని నిలబడింది. "ప్రీతీ, ఫోటో తియ్యి" అంది. నవ్వమంటే నవ్వలేదు.

ఆటో మెట్టు ఎత్తుగా ఉంది. నేను దూరంగానే నిలబడ్డాను.

"ఏటి చూస్తన్నారు, పట్టుకోండి" అంది.

పట్టుకున్నాను.

సెంటర్‌లో రెండు కడ్డీల మధ్య ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచింది. ఒక్కసారే నడవగలిగింది. జూన్‌లో నాలుగుసార్లు నడిచేది. రేపు మళ్ళీ వెళ్ళాలి. రెండో గౌను కూడా కావాలట, ఇది ఉతికితే ఏం కట్టుకోవాలి అంటోంది.

ప్రీతి తీసిన ఫోటో నా ఫోన్‌కి పంపింది. సాయంత్రం అన్నం వేళ దాకా చూస్తూనే ఉన్నాను. లావుపాటి పెద్దావిడ, పువ్వుల గౌను, ఒక చెయ్యి జేబులో, మనమేదో అప్పుకొచ్చినట్టు చూపు. అందులో పడిపోయిన చెయ్యి ఏదో, ఆవిణ్ణి కట్టుకున్న నాకే తెలీలేదు.